నీళ్లు సన్నగా వస్తున్నాయా? ప్రెషర్ పంపా, పైపులా, ట్యాంకు ఎత్తా: విశాఖ ఇళ్లలో ఎవరికి ఏది

పై అంతస్తు బాత్‌రూమ్‌లో షవర్ తిప్పితే నీళ్లు నెత్తిన పడకుండా గోడ వెంట జారుతున్నాయంటే, ఎవరి నోటైనా వచ్చే మొదటి మాట: "ప్రెషర్ పంపు పెట్టించేయండి, గొడవ వదిలిపోతుంది." పంపు చెడ్డదేం కాదు. కొన్ని ఇళ్లకి అదొక్కటే దారి కూడా. కానీ గేట్ వాల్వ్ సగం మూసుకుపోయిన ఇంటికీ, పాతికేళ్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపులున్న ఇంటికీ, షవర్ నెత్తిమీదే ట్యాంకున్న ఇంటికీ ఒకే మందు రాయడం ఏం వైద్యం?

నీళ్లు సన్నగా రావడానికి కారణాలు ఎన్ని చెప్పుకున్నా మూలం రెండే. ఒకటి, ట్యాంకు ఎత్తు చాలకపోవడం. రెండు, నీళ్లు వచ్చే దారి ఎక్కడో ఇరుకైపోవడం. ఎత్తు చాలకపోతే పంపు పనికొస్తుంది. దారి ఇరుకైతే పంపు ఆ ఇరుకులోంచే నీళ్లని తోస్తుంది. కొన్నాళ్లు బాగానే అనిపిస్తుంది, ఆ తర్వాత ఏదో పాత జాయింట్ దగ్గర టైల్స్ వెనక చెమ్మ మొదలవుతుంది. మీది ఈ రెంటిలో ఏదో తేలాకే మార్గాలు పోల్చుకోవడంలో అర్థముంది.

## ప్రెషర్ ఎవరి చేతిలో ఉంది

విశాఖకి నీళ్లు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచీ, ఏలేరు కాలువ నుంచీ వస్తాయి. చాలా వీధుల్లో కుళాయి రోజుకి కొంతసేపే వస్తుంది కాబట్టి సొంతిల్లయినా అపార్ట్‌మెంటయినా సంపు, మోటారు, డాబా మీద ట్యాంకు తప్పవు. దీనివల్ల ఒక సంగతి చాలామంది గమనించరు. వీధి కుళాయి సన్నగా వస్తే మీ సంపు ఆలస్యంగా నిండుతుంది, అంతే. బాత్‌రూమ్‌లో షవర్ జోరుకీ దానికీ సంబంధం లేదు. షవర్ జోరు మీ డాబా మీద ట్యాంకు దగ్గర మొదలై మీ పైపుల్లో ముగుస్తుంది.

లెక్క చిన్నదే. ప్రెషర్‌ని బార్లలో కొలుస్తారు. పది మీటర్ల నీటి ఎత్తు ఒక బార్ ప్రెషర్ ఇస్తుంది, అంటే మీటరుకి 0.1 బార్. మన ఇళ్లలో అంతస్తు సుమారు పదడుగులు. జీ ప్లస్ ఫోర్ (గ్రౌండ్ మీద నాలుగంతస్తుల) బిల్డింగు తీసుకోండి. శ్లాబు మీద మూడడుగుల దిమ్మెలు కట్టి ట్యాంకు పెట్టారు, షవర్ నేల నుంచి ఏడడుగుల ఎత్తున ఉంది. నాలుగో అంతస్తులో ట్యాంకు అడుగుకీ షవరుకీ మధ్య తేడా ఆరడుగులే. ప్రెషర్ 0.2 బార్ కూడా లేదు. ట్యాంకు నిండుగా ఉంటే మరో 0.1 కలుస్తుంది. అదే బిల్డింగులో గ్రౌండ్ ఫ్లోర్ షవరుకి దాదాపు 1.4 బార్. ఒకే ట్యాంకు, ఒకే నీళ్లు, ఏడు రెట్ల తేడా. "మాకు బాగానే వస్తున్నాయండీ" అని కిందింటివాళ్లు అంటే అది అబద్ధం కాదు.

## బకెట్ పరీక్ష

పది లీటర్ల బకెట్, చేతిలో ఫోన్ చాలు. ఇంట్లో మిగతా ట్యాపులన్నీ కట్టేసి, బాత్‌రూమ్‌లో బకెట్ ట్యాపు పూర్తిగా తిప్పండి. నిమిషంలోపు బకెట్ నిండితే నిమిషానికి పది లీటర్లు వస్తున్నట్టు, బాత్‌రూమ్ ట్యాపుకి అది బాగున్నట్టే. రెండు నిమిషాలు దాటితే ఏదో తేడా ఉంది.

తర్వాతి మెట్టు ముఖ్యం. బకెట్ ట్యాపు నేలకి రెండడుగుల ఎత్తున ఉంటుంది, షవర్ ఏడడుగుల ఎత్తున. బకెట్ ట్యాపు జోరుగా వచ్చి షవర్ ఒక్కటే ఏడుస్తుంటే ఎక్కువగా ఎత్తు సమస్య, లేదంటే షవర్ తలే మూసుకుపోయింది. తల విప్పేసి వట్టి పైపు నుంచి నీళ్లు ఎలా వస్తున్నాయో చూస్తే ఆ అనుమానమూ తీరుతుంది. రెండూ సన్నగానే ఉంటే దారి ఇరుకు. ఒక ట్యాపు తిప్పినప్పుడు బాగుండి, వంటింట్లో ఇంకొకటి తిప్పగానే పడిపోతుంటే పైపు సైజు చాలడం లేదు, లేదా వాల్వు పూర్తిగా తెరుచుకోవడం లేదు.

| ఏం కనిపిస్తోంది | దేన్ని అనుమానించాలి | ముందు చేయాల్సింది |
|---|---|---|
| ఒకే ట్యాపు సన్నగా | మూతి దగ్గర జాలీ, యాంగిల్ కాక్ (గోడ దగ్గరి చిన్న వాల్వు) | విప్పి కడగడం |
| వేడినీళ్లు మాత్రమే సన్నగా | గీజరు ఇన్‌లెట్ వాల్వు, గీజర్లో సున్నం | గీజరు సర్వీసు |
| ఇంట్లో అన్నీ సన్నగా, పక్క ఫ్లాటులో బాగు | మీ ఫ్లాటు మెయిన్ వాల్వు, లోపలి పైపు | వాల్వు మార్చి మళ్లీ బకెట్ పరీక్ష |
| పై అంతస్తులో షవర్ మాత్రమే సన్నగా | ఎత్తు | షవర్ తల మార్చి చూసి, ఆపైన ట్యాంకు ఎత్తు లేదా పంపు |
| ట్యాంకు కడిగిన మర్నాటి నుంచి ఉమ్ముతున్నట్టు వస్తున్నాయి | లైనులో ఎయిర్ | ఎయిర్ తీయడం, గాలి పైపు చూడడం |
| రెండో ట్యాపు తిప్పితే మొదటిది పడిపోతుంది | సన్న పైపు, సగం తెరిచిన వాల్వు | ట్యాంకు దగ్గరి వాల్వు నుంచి మొదలు |

## ఎంచుకోవడానికి కొలబద్దలు

ఖర్చు అందరూ చూస్తారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు మన ఊళ్లో వేరే ఉన్నాయి.

కరెంటు పోతే ఏం జరుగుతుంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ట్యాంకులో మిగిలిన నీళ్లు తమంతట తాము ట్యాపుదాకా దిగి రాగలిగితేనే ఆ నీళ్లు మనవి. పంపుని దాటి వచ్చే దారి లేకపోతే ట్యాంకు నిండుగా ఉన్నా బకెట్లు పట్టుకుని డాబా ఎక్కాల్సిందే.

సముద్రం ఎంత దూరం? లాసన్స్ బే, చినవాల్తేరు, రుషికొండ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి జీఐ పైపు, గేట్ వాల్వు, మోటారు బోల్టులు తొందరగా తుప్పు పడతాయి. అక్కడ ఏది పెట్టినా సామాను ఏ లోహంతో చేసిందో చూడాలి.

నీళ్లు ఏవి? ట్యాంకులోకి బోరు నీళ్లు కలుస్తుంటే సున్నం పేరుతుంది. ఎంత గొప్ప పంపు పెట్టినా ఆర్నెల్లకోసారి షవర్ తల కడగడం తప్పదు.

శ్లాబు ఎవరిది? సొంత ఇంట్లో మీ ఇష్టం. అపార్ట్‌మెంటులో డాబా అందరిదీ, కిందికి దిగే లైను అందరిదీ. అద్దె ఇంట్లో అయితే మీరు విప్పి పట్టుకెళ్లగలిగే సామాను మీద మాత్రమే డబ్బు పెట్టాలి.

గోడ పగలాలా, చప్పుడు వస్తుందా అన్నవి ఆ తర్వాత.

## మార్గం 1: విప్పి కడగడం

దీన్ని మార్గం అనడానికి కూడా చాలామందికి మనసొప్పదు. అయినా వరసలో మొదటిది ఇదే.

ట్యాపు మూతి దగ్గర గుండ్రటి జాలీ ఉంటుంది. చేత్తో తిరక్కపోతే గుడ్డ చుట్టి ప్లయర్‌తో మెల్లగా తిప్పండి. అరచేతిలో బోర్లిస్తే ఆవగింజంత ఇసుక రేణువులు, పైపు కోసినప్పుడు రాలిన తెల్లటి ప్లాస్టిక్ పొట్టు, టెఫ్లాన్ టేపు పోగులు, బోరు నీళ్లయితే గట్టి తెల్లటి పెచ్చులు రాలతాయి. కొత్తగా కట్టిన ఇంట్లో ఆ ప్లాస్టిక్ పొట్టే ఎక్కువ. అందుకే కొత్త ఫ్లాటులో దిగిన కొన్ని వారాలకే నీళ్లు తగ్గినట్టు అనిపిస్తుంది. జాలీని, షవర్ తలని వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సున్నం వదులుతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వద్దు, మెరుపు పూత లేచిపోతుంది.

గోడలోంచి ట్యాపుకి వచ్చే చోట ఉండే యాంగిల్ కాక్‌ని కూడా పూర్తిగా తిప్పి చూడండి. ఎప్పుడో వాషింగ్ మెషీన్ బిగించినవాడు సగం కట్టి వదిలేసి ఉండొచ్చు.

ఖర్చు దాదాపు సున్నా. ఎత్తు సమస్య ఉన్న ఇంటికి దీనివల్ల పెద్ద లాభం ఉండదు కానీ, ఇది చేయకుండా పంపు కొంటే పంపు కూడా ఆ మూసుకుపోయిన జాలీ దగ్గరే ఆగుతుంది.

## మార్గం 2: ట్యాంకు దగ్గర పని

నన్నడిగితే ఎక్కువ ఇళ్లలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చేది ఇదే. ప్లంబర్లు దీని గురించి తమంతట తాము చెప్పరు. పని చిన్నది, మిగిలేది తక్కువ.

డాబా ఎక్కి చూడాల్సినవి నాలుగు. మొదటిది ట్యాంకు నుంచి బయటికి వచ్చే పైపు సైజు. వెయ్యి లీటర్ల ట్యాంకుకి ముప్పావు ఇంచి పైపు బిగించి, దాన్నే మూడు బాత్‌రూమ్‌లకీ వంటింటికీ పంచిన ఇళ్లు కోకొల్లలు. పైపు సైజు కాస్త పెరిగినా నీళ్లు చాలా పెరుగుతాయి. అర ఇంచికి బదులు ముప్పావు ఇంచి వేస్తే అదే ఎత్తుకి రెండున్నర నుంచి మూడు రెట్ల నీళ్లు వస్తాయి. ఎత్తు తక్కువున్న పై అంతస్తుకి ట్యాంకు నుంచి ఇంచింపావు లైను విడిగా దింపి, బాత్‌రూమ్ దగ్గర మాత్రమే సన్నం చేస్తే దారిలో ప్రెషర్ పెద్దగా పోదు.

రెండోది గేట్ వాల్వు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, లోపల గేటు మాత్రం కాడ నుంచి ఊడి కిందికి జారి దారిలో అడ్డంగా కూర్చుంటుంది. ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇది మరీ మామూలు. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. దాని బదులు పూర్తి రంధ్రం ఉన్న బాల్ వాల్వు వేస్తే పిడి ఏ వైపు ఉందో చూసి తెరిచుందో మూసుందో చెప్పొచ్చు, తుప్పు బాధ కూడా తక్కువ.

మూడోది గాలి పైపు. ట్యాంకు అవుట్‌లెట్ వాల్వు దాటాక లైను మీద నిలువుగా, ట్యాంకు పైమట్టం కంటే ఎత్తుగా ఒక సన్న పైపు లేచి ఉండాలి. అది లేకపోయినా, ఎవరో దానికి మూత బిగించేసినా, ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ లైనులో ఎయిర్ పట్టేస్తుంది. నీళ్లు ఉమ్ముతున్నట్టు వస్తాయి. అన్నిటికంటే కింద ఉన్న ట్యాపు పూర్తిగా తెరిచి కాసేపు వదిలేస్తే చాలాసార్లు పోతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే గాలి పైపు వేయించాల్సిందే. లైను డాబా మీద ఎక్కడా పైకి లేచి మళ్లీ కిందికి వంగకుండా చూడాలి, ఆ వంపులోనే ఎయిర్ కూర్చుంటుంది.

నాలుగోది అడుగు మడ్డి. అవుట్‌లెట్ దాకా మడ్డి పేరుకుంటే చెప్పేదేముంది, కడిగించడమే.

ఈ పనులన్నీ కలిపినా కొద్ది వేలల్లో తేలుతాయి. గోడలు పగలవు, కరెంటు అక్కర్లేదు. నాలుగూ సరిగ్గా ఉండి కూడా పై అంతస్తు షవర్ ఏడుస్తుంటే అప్పుడు మీది నిజంగా ఎత్తు సమస్య.

## మార్గం 3: ట్యాంకు ఎత్తు పెంచడం

కరెంటు లేకుండా ఎప్పటికీ పనిచేసే పరిష్కారం, అందుకే పాతకాలం మేస్త్రీలు దీనికే ఓటేస్తారు. కానీ లెక్క చూడండి. ఐదడుగులు పెంచితే దొరికేది 0.15 బార్. 0.2 బార్ ఉన్న షవర్ 0.35 అవుతుంది. మామూలు షవరుకి ఆ తేడా బాగానే తెలుస్తుంది. పెద్ద పళ్లెంలాంటి రెయిన్ షవరుకి ఏ మూలకీ చాలదు, దానికి ఒక బార్ దగ్గర్లో ఉండాలి.

బరువు మర్చిపోకూడదు. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను. ఆ టన్ను శ్లాబు మధ్యలో కాకుండా పిల్లర్ల మీదికో బీమ్ మీదికో దిగాలి. ఇంజినీరుకి చూపించకుండా ఇటుక దిమ్మెలు పెంచుకుంటూ పోవడం ప్రమాదం. ఇనుప స్టాండు అయితే తీరం దగ్గర ఇళ్లలో ఏటా రంగు వేయాలి, లేకపోతే కాళ్లే ముందు తింటుంది తుప్పు. పైగా మనది తుఫాన్ల ఊరు. హుద్‌హుద్ గాలి గంటకి 170 కిలోమీటర్లు దాటింది. ఎత్తు స్టాండు మీద సగం ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు అలాంటి గాలికి నిలవాలంటే కట్టు గట్టిగా ఉండాలి. తుఫాను హెచ్చరిక వస్తే ట్యాంకు నిండా నింపి ఉంచడం రెండు రకాలుగా మేలు: బరువుకి కదలదు, కరెంటు పోయినా నీళ్లుంటాయి.

సొంత ఇల్లు, ఒకటి రెండు అంతస్తులు, మామూలు షవరు ఉన్నవాళ్లకి ఇది మంచి బేరం. కొత్తగా కట్టుకుంటున్నవాళ్లయితే మెట్ల గది శ్లాబు మీద ట్యాంకు పెట్టేలా ముందే ప్లాన్ చేయించుకోండి. అదనపు ఖర్చు దాదాపు లేకుండానే ఎనిమిది తొమ్మిది అడుగులు కలిసొస్తాయి.

## మార్గం 4: పైపులు మార్చడం

పాత పోస్టాఫీసు, వన్‌టౌన్, కంచరపాలెం, మహారాణిపేట వైపు పాత ఇళ్లలో జీఐ పైపులు ఇంకా ఉన్నాయి. లోపల తుప్పు గడ్డలు కట్టి అర ఇంచి పైపులో పెన్సిల్ దూరేంత దారి మిగులుతుంది. ఉదయం మొదటి నీళ్లు ఎర్రగా వస్తే ఇదే గుర్తు. ఇలాంటి ఇంటికి పంపు పెడితే తుప్పు పెచ్చులు ఊడి వచ్చి అన్ని జాలీల్లో చేరతాయి, పలచబడ్డ చోట పైపు చిల్లు పడుతుంది.

ఇప్పుడు వేసేవి ప్లాస్టిక్ పైపులు: వేడినీళ్ల లైనుకి వేడి తట్టుకునే సీపీవీసీ, చన్నీళ్లకి సీపీవీసీ లేదా యూపీవీసీ. గీజరు లైనుకి యూపీవీసీ వేస్తానంటే ఒప్పుకోకండి, అది వేడికి మెత్తబడుతుంది. గోడలు పగలగొట్టడం, టైల్స్ దొరక్క బాత్‌రూమ్ మొత్తం మార్చడం, రెండు మూడు వారాల దుమ్ము: అన్ని మార్గాల్లోకీ ఇదే గట్టి దెబ్బ. అందుకే బాత్‌రూమ్ ఎలాగూ కొత్తగా చేయిస్తున్నప్పుడే దీనికి సమయం. అందాకా ఆగలేనివాళ్లు పాత పైపుని గోడలో అలాగే వదిలేసి, బయటి గోడ మీద కొత్త లైను దింపి ఒక్కో బాత్‌రూమ్‌కి కలపొచ్చు. చూడ్డానికి అంత బాగోదు. ఎండ తగిలే చోట ప్లాస్టిక్ పైపుకి రంగు వేయకపోతే కొన్నేళ్లకి పెళుసెక్కుతుంది. అయినా నీళ్లు మాత్రం వస్తాయి.

## మార్గం 5: ప్రెషర్ పంపు

ఇందులో రెండు జాతులున్నాయి. షాపులో రెంటినీ "ప్రెషర్ పంపు" అనే అంటారు, పనితీరు మాత్రం వేరు.

చిన్నది, లైనులోనే బిగించేది. లోపల ఫ్లో స్విచ్ ఉంటుంది. నీళ్లు కదలడం మొదలైతే ఆన్, ఆగితే ఆఫ్. ఒకటి రెండు బాత్‌రూమ్‌లకి చాలు, చప్పుడు తక్కువ, కరెంటు కొంచెమే. లోపం ఎక్కడంటే, స్విచ్ ఆన్ అవడానికి ముందు కాస్తయినా ధార కదలాలి. ట్యాంకుకి మరీ దగ్గరున్న షవర్లో ఆ మాత్రం ధార కూడా లేకపోతే పంపు నిద్ర లేవదు. ఇలాంటి ఇళ్లలో జనం ముందు బకెట్ ట్యాపు తిప్పి పంపు లేపి, అప్పుడు షవర్ తిప్పుకుంటుంటారు! కొనేముందు ఈ సంగతి షాపులో తప్పక అడగండి.

పెద్దది, ప్రెషర్ స్విచ్చూ చిన్న ట్యాంకూ ఉన్నది. అర హార్స్‌పవర్ నుంచి ఒకటి దాకా సాధారణం. లైనులో ప్రెషర్ పడితే ఆన్, పెరిగితే ఆఫ్. ఆ చిన్న ట్యాంకులో రబ్బరు సంచీ, గాలీ ఉంటాయి కాబట్టి చిన్న వాడకాలకి పంపు ప్రతిసారీ లేవదు. షవర్ ఎంత ఎత్తునున్నా పనిచేస్తుంది. దీని లోపం ఇంకోటి. ఇంట్లో ఎక్కడ ఒక ఫ్లష్ ట్యాంకు బొట్లు బొట్లుగా కారుతున్నా లైను ప్రెషర్ పడుతూ ఉంటుంది, అర్ధరాత్రి పంపు లేస్తూ పడుకుంటూ ఉంటుంది. దాంతో మోటారూ పోతుంది, నిద్రా పోతుంది. ముందు లీకులన్నీ కట్టించాకే ఇది పెట్టాలి. సంచీలో గాలి తగ్గినా ఇదే లక్షణం, సైకిల్ పంపుతో కూడా నింపుకోవచ్చు. అర హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే అర యూనిట్ పైచిలుకు కాలుస్తుంది, ఇల్లంతటికీ రోజు మొత్తంలో అంతసేపు నడవదు.

ఏ జాతి అయినా కొన్ని షరతులు. పంపు పక్కనుంచి నాన్ రిటర్న్ వాల్వుతో (నీళ్లని ఒకే వైపు పోనిచ్చేది) ఒక బైపాస్ లైను ఉండాలి. కరెంటు లేనప్పుడు నీళ్లు ఆ దారిన సన్నగానైనా దిగుతాయి. ఇది అడక్కపోతే చాలామంది పెట్టరు. ట్యాంకు ఖాళీ అయితే పంపు ఒట్టిగా నడవకుండా ఆగే ఏర్పాటు ఉండాలి. ఎర్తింగూ, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేని ఇంట్లో ముందు అవి పెట్టించాలి, తడిచేతుల దగ్గరి వ్యవహారం కదా. డాబా మీద పెడితే నీడా గాలీ ఉండే పెట్టె, కింద రబ్బరు ప్యాడ్లు. బెడ్‌రూమ్ పైశ్లాబు మీద మాత్రం వద్దు.

గీజరు మీద ఎంత ప్రెషర్ తట్టుకుంటుందో రాసి ఉంటుంది. ఇంటి పంపులు సాధారణంగా ఆ హద్దుకి చాలా లోపలే ఉంటాయి. అసలు బాధపడేది పాత ఫ్లష్ ట్యాంకు వాల్వులు, ట్యాపుల కింద ఫ్లెక్సిబుల్ గొట్టాలు. పంపు పెట్టిన వారం పాటు సింకు కింద చెయ్యిపెట్టి తడి ఉందేమో చూస్తుండండి.

ఒకటి మాత్రం అసలు చేయకూడదు. వీధి కుళాయి లైనుకి నేరుగా మోటారు బిగించడం. అది నిబంధనలకి విరుద్ధం, కార్పొరేషన్‌వాళ్లు మోటారు తీసుకెళ్లి కనెక్షన్ కట్ చేయొచ్చు. అంతకంటే పెద్ద భయం, మోటారు పీల్చినప్పుడు ఎక్కడైనా పగులున్న వీధి పైపులోకి పక్క కాలువ మురుగు కూడా వస్తుంది. ఆ నీళ్లు తాగేది మీరూ, మీ వీధీ. కుళాయి సన్నగా వస్తుంటే మీటరు ముందు జాలీ, రోడ్డు మెయిన్ పైపుకి మీ కనెక్షన్ కలిసే చోట ఉండే ఫెర్రూల్, పాత జీఐ సర్వీసు పైపు చూపించాలి. రోడ్డు వైపు పని మీరు చేయించకండి, వార్డు సచివాలయంలో ఫిర్యాదు రాయించండి. కొండవాలు కాలనీల్లో పై వరస ఇళ్లకి సన్నగా రావడం మాత్రం ఇంటి లోపం కాదు. అక్కడ సంపు కాస్త పెద్దదిగా కట్టుకోవడమే మన చేతిలో ఉన్నది.

## మార్గం 6: హైడ్రో న్యూమాటిక్

మధురవాడ, పీఎం పాలెం వైపు పెద్ద టవర్లలో పై మూడు నాలుగు అంతస్తుల బాధకి ఇది అసోసియేషన్ స్థాయి పరిష్కారం. కొన్ని పంపులు కలిసి వాడకాన్ని బట్టి వేగం మార్చుకుంటూ లైనులో ప్రెషర్ ఒకేలా ఉంచుతాయి. ఖర్చు లక్షల్లో, జనరేటర్ బ్యాకప్ తప్పనిసరి, ఏటా సర్వీసు కాంట్రాక్టు కావాలి. పై అంతస్తుల లైనుకి మాత్రమే పెట్టి, కింది అంతస్తుల్ని ట్యాంకు ఎత్తు మీదే వదిలేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. మొత్తం బిల్డింగుకి పెడితే కింద ప్రెషర్ తగ్గించే వాల్వులు కూడా ఉండాలి, లేకపోతే కిందింటి ట్యాపులు పేలతాయి.

## పక్కపక్కన పెడితే

| మార్గం | దేనికి | ఖర్చు | కరెంటు పోతే | పగలగొట్టడం |
|---|---|---|---|---|
| కడగడం | ఒకటి రెండు ట్యాపులకి | దాదాపు సున్నా | తేడా లేదు | లేదు |
| ట్యాంకు దగ్గర పని | ఇరుకు దారి, ఎయిర్ | కొద్ది వేలు | తేడా లేదు | లేదు |
| ట్యాంకు ఎత్తు | పై అంతస్తు, మామూలు షవర్ | వేల నుంచి పదివేల పైకి | తేడా లేదు | డాబా మీద మాత్రమే |
| పైపులు మార్చడం | జీఐ, సన్న పైపు | ఇంటి మార్గాల్లో అన్నిటికంటే ఎక్కువ | తేడా లేదు | చాలా |
| చిన్న పంపు | ఒకటి రెండు బాత్‌రూమ్‌లు | వేలల్లో | బైపాస్ ఉంటే పాత ధార | దాదాపు లేదు |
| ట్యాంకున్న పంపు | ఇల్లంతా | పదివేలు దాటుతుంది | బైపాస్ ఉంటే పాత ధార | తక్కువ |
| హైడ్రో న్యూమాటిక్ | పెద్ద అపార్ట్‌మెంటు | లక్షల్లో | జనరేటర్ కావాలి | తక్కువ |

## ఎవరికి ఏది

అద్దెకుంటున్నవాళ్లు: కడగడం, షవర్ తల మార్చడం. తక్కువ ప్రెషర్‌కి తయారైన చిన్న తల షవర్లు దొరుకుతాయి. హ్యాండ్ షవర్ అయితే ఛాతీ ఎత్తున పట్టుకుంటే మూడడుగులు కలిసొస్తాయి, ఎత్తు తక్కువున్న ఇంట్లో ఆ మూడడుగులు తక్కువేం కాదు. ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకెళ్లొచ్చు. ట్యాంకు దగ్గరి పని ఇంటి ఓనరుగారి బాధ్యత. బకెట్ పరీక్ష ఫలితం చెప్పి అడిగితే వింటారు, వట్టి "నీళ్లు రావట్లేదండీ" అంటే వినరు.

అపార్ట్‌మెంటు పై అంతస్తువాళ్లు: అందరి లైను మీద మీ పంపు పెట్టొద్దు. పంపు పీల్చినప్పుడు కింది ఫ్లాట్లకి వెళ్లే నీళ్లు తగ్గుతాయి, వచ్చే మీటింగులో మీ పేరే మొదటి అజెండా. ట్యాంకు నుంచి మీ ఫ్లాటుకి విడిగా లైను దింపుకోవడానికి అసోసియేషన్‌తో రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆ లైను మీద పెట్టుకోండి. విడిగా దింపిన పెద్ద లైనుతోనే సరిపోయే అవకాశమూ ఉంది. అందుకే ముందు లైను వేయించి, కొన్నాళ్లు చూసి, ఆ తర్వాతే పంపు.

సొంతిల్లు, పాత పైపులు: డబ్బు పోగుచేసుకుని పైపులు మార్చండి. మధ్యలో పంపు ప్రలోభానికి లొంగకండి.

సొంతిల్లు, కొత్త పైపులు, పైన ఒక పోర్షన్, పెద్ద షవర్ సరదా: ట్యాంకున్న ప్రెషర్ పంపు, బైపాస్‌తో. ఇక్కడ తటపటాయించక్కర్లేదు. ఎంత ట్యాంకు ఎత్తినా రెయిన్ షవర్ ఆశ తీరదు. గోడలో దాచే డైవర్టర్ (నీళ్లని షవరుకో ట్యాపుకో మళ్లించేది) పెట్టించుకుంటుంటే అది కూడా ప్రెషర్ తింటుంది, లెక్కలో వేసుకోండి.

వయసు మళ్లిన అమ్మానాన్నలు మాత్రమే ఉండే ఇల్లు: నా ఓటు ట్యాంకు దగ్గర పనికీ, ట్యాంకు ఎత్తుకీ. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, రాత్రి పంపు ఆగకుండా మోగుతుంటే స్విచ్ ఏదో వెతుక్కోవాల్సింది ఆ పెద్దవాళ్లే. స్విచ్, బైపాస్ వాల్వు రెండూ నిలబడి చేతికందే ఎత్తులో, మీద తెలుగులో పేరు రాసి ఉండేలా చేయిస్తే పంపు కూడా పర్లేదు.

పంపే ఖాయమైతే, అడ్వాన్సు ఇచ్చేముందు ప్లంబరుని నాలుగు ప్రశ్నలు అడగండి. బైపాస్ ఎక్కడ వస్తుంది? ట్యాంకు ఖాళీ అయితే పంపు తనంతట తాను ఆగుతుందా? మా షవరుకి ఇప్పుడున్న ధారతో ఫ్లో స్విచ్ లేస్తుందా, లేక ప్రెషర్ స్విచ్ కావాలా? రెండు పక్కలా యూనియన్లు (విప్పి మళ్లీ బిగించే జాయింట్లు) వేస్తారా? యూనియన్ లేకపోతే పంపు రిపేరుకి తీసిన ప్రతిసారీ పైపు కోయాల్సి వస్తుంది. "అవన్నీ మేం చూసుకుంటాంలెండి" అన్న జవాబు వస్తే ఇంకో ప్లంబరుని పిలవండి.